సొంత గుండకు నకిలీ ముద్ర

దీవెన తల్లి పేరు పెట్టుకుని, దీవెన తీసిన ఫొటో పెట్టుకుని, ఎవరో ఉలవ గుండ అమ్ముకుంటున్నారు. అంతటితో ఊరుకున్నా బాగుండును. అసలు దీవెన అమ్మేదే నకిలీ అని పెద్ద యాప్‌కు ఫిర్యాదు కూడా పెట్టారు. పోయిన వారం మనం ఆమెను ఆ నోటీసు ముందు వదిలేసి వచ్చాం. ‘జ్ఞానసుందరి’ అన్న ఆ పేరు తనదేనని సోమవారం సాయంత్రం ఐదులోగా కాగితం చూపించాలి. చూపించలేకపోతే పేరు అవతలివాళ్ళకు ఖాయమైపోతుంది. ఆ పేరుతో దీవెన ఇక ఒక్క పొట్లం కూడా అమ్మడానికి లేదు. ఇవాళే ఆ సోమవారం.

లోకమంతా పొడి అనేదాన్ని మన శ్రీకాకుళంలో గుండ అంటాం. కారం గుండ, పసుపు గుండ, ఉలవ గుండ. నౌపడలో దీవెన ఇంటి వెనక రేకుల షెడ్డులో గురమ్మా ఇంకో ఎనిమిది మంది ఆడవాళ్ళూ వేయించి దంచేవి ఇవే. వాటికోసం దీవెన ఒక వెబ్‌సైటు పెట్టుకుంది. అదే ఆమె కొట్టు. ఆ కొట్టులో ఉన్న ఒక్కొక్క సరుకునూ పెద్ద యాప్‌లో ఒక్కొక్క పేజీకి ముడివేస్తే దేశమంతా చూస్తుందనీ, ఆర్డరు మాత్రం సూటిగా ఆమెకే వస్తుందనీ చెబితే నమ్మింది. ముడి వెయ్యడానికి గిరిబాబును పెట్టుకుంది. గిరిబాబు వేశాడు. కానీ కొత్త పేజీకి కాకుండా, విజయనగరంలో గుండల వ్యాపారం చేసే నరసింగరావు పేజీకి వేశాడు. దీవెన బొమ్మ చూసి నొక్కినవాళ్ళకు నరసింగరావు గుండ చేరుతోంది. తిన్నవాళ్ళు తిట్టడానికి మాత్రం దీవెనకే ఫోను చేస్తున్నారు.

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి పక్క సందులో, సెల్‌ఫోన్ల కొట్టు మీద రెండో అంతస్తులో ఉంది గిరిబాబు ఆఫీసు. ఆఫీసుకన్నా బోర్డు పెద్దది. ‘గ్లోబల్’ అనే మాట దాని మీద రెండుచోట్ల ఉంది. మెట్ల మీద మాత్రం లైటు లేదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

నౌపడ నుంచి బండి మీద తీసుకొచ్చిన తమ్ముడు స్టాన్లీ మెట్ల దగ్గరే ఆగిపోయాడు.

“నువ్వెల్లప్పా. ఆడి మొకం సూస్తే నా సెయ్యి ఊరుకోదు. నాను కిందే ఉంటాను.”

అక్కను అప్పా అని పిలవడం వాళ్ళింట్లో అలవాటు. స్టాన్లీ ఎచ్చెర్ల యూనివర్సిటీలో పీజీ చదివాడు. నాలుగేళ్ళుగా అక్క వ్యాపారానికి ‘మార్కెటింగ్ హెడ్’ అని కార్డు కొట్టించుకుని తిరుగుతున్నాడు. కార్డులు అయిపోయాయి గానీ మార్కెటింగ్ ఇంకా మొదలు కాలేదు. అయినా మనసున్న పిల్లాడని దీవెన నమ్మకం. ఉలవల బస్తా ఎత్తమంటే ఎత్తుతాడు, ఆదివారం తల్లిని చర్చికి దింపుతాడు. ఇవాళ కూడా పనులన్నీ మానుకుని అరవై కిలోమీటర్లు తీసుకొచ్చాడు. అతనికి మానుకోవలసిన పనులేమిటో ఆమె అడగలేదు.

గిరిబాబు తెల్లచొక్కా వేసుకుని, మెడలో తన ఫొటోతోనే తన ఆఫీసు బిళ్ళ వేలాడదీసుకుని కూర్చున్నాడు. ఆ గదిలో అతను తప్ప ఇంకో మనిషి లేడు. మరి ఆ బిళ్ళ ఎవరికి చూపించడానికో.

“రండి మేడమ్, కూర్చోండి. మీ కేసు చూశాను. యాక్చువల్లీ అది చిన్న టెక్నికల్ ఇష్యూ అన్నమాట. మా హైదరాబాద్ టీమ్‌తో మాట్లాడుతున్నాను.”

శ్రీకూర్మంలో పుట్టి, శ్రీకూర్మంలో పెరిగి, హైదరాబాదును రెండుసార్లు చూసినవాడు ఆ ‘అన్నమాట’ను ఎక్కడ కొనుక్కొచ్చాడో తెలియదు. దీవెనకు నవ్వు రాలేదు. సంచీలోంచి రెండు పొట్లాలు తీసి బల్లమీద పక్కపక్కన పెట్టింది. రెంటి మీదా ఒకే బొమ్మ, ఒకే పేరు. జ్ఞానసుందరి ఉలవ గుండ.

“గిరిబాబు గారూ, ఇందులో ఒకటి మా షెడ్డులో సేసినాది. ఇంకోటి మీరు ముడేసిన పేజీలోంచి నానే ఆర్డరెట్టి తెప్పించుకున్నాను. ఏది ఏదో సెప్పండి.”

“మేడమ్, నేను ఐటీ మనిషిని. ఫుడ్ గురించి నాకు...”

“తినడం వచ్చు కదా?”

బల్లమీద ఉన్న అతని ఫోను గుర్రుమంది. గిరిబాబు దాన్ని చటుక్కున బోర్లా తిప్పాడు.

“మేడమ్, నేను ముందే చెప్పాను. ఆ గుండ అనే పేరు వద్దు, ‘పౌడర్’ అని పెడదాం అన్నాను. మీరు వినలేదు. ఇంగ్లీషులో గుండ అంటే రౌడీ కదా. యాప్ తనంతట తానే అనువాదం చేసుకుంటుంది. ఏం చేసిందో చూశారుగా?”

చూసింది. ఉలవను ఇంగ్లీషులో గుర్రానికి ముడిపెడతారు కాబట్టి, ఆ పేజీ మీద మూడు వారాలుగా ఆమె తల్లి పేరు పక్కన ‘గుర్రపు రౌడీ’ అని ఇంగ్లీషులో ఉంది. పుణేలో ఎవడో ‘రౌడీ బాగా ఘాటుగా ఉంది’ అని మూడు చుక్కలు వేశాడు. దేశంలో ఉన్న భాషలన్నీ తనకొచ్చని చెప్పుకునే యాప్‌కు, పదిమంది ఇంట్లో పిలుచుకునే మాట ఒక్కటి రాదు. రాకపోతే అడగాలి. అడగడం దానికి నేర్పినవాడు లేడు.

“ఊరి మాటలు ఊళ్ళో బాగుంటాయి మేడమ్. మార్కెట్‌కు వచ్చినప్పుడు కొంచెం స్టాండర్డ్‌గా...”

“మరి మీ నరసింగరావు ఆ మాటెందుకు మార్సలేదు? ‘ఉలవ గుండ’ అని యెతికేవోలంతా మనోలే గనక. మన మాట మీకు సిగ్గు, మన మాట తెచ్చిపెట్టే బేరం మాత్రం సిగ్గు కాదు. తినండి.”

ఆమె మొదటి పొట్లం విప్పి చిటికెడు గుండ కాగితం మీద పోసి ముందుకు తోసింది. గిరిబాబు వేలికి అద్దుకుని నాలుక మీద వేసుకున్నాడు. మొహం మాడింది. పచ్చిశనగపిండి వాసన, ఆ వెనకే కారం మంట. ఉలవ జాడ లేదు. మంచినీళ్ళు తాగబోతే దీవెన సీసా పక్కకు జరిపి రెండో పొట్లం విప్పింది.

ఆ గుండలో నౌపడ కల్లుప్పు పడుతుంది. ముందు ఉప్పునే మూకుట్లో చిటపటలాడేదాకా వేయించి, తీసేసి, ఆ వేడి మూకుట్లోనే ఉలవలు పోస్తారు. అది జ్ఞానసుందరి పద్ధతి. ఉప్పు మడుల మీద పనికి వెళ్ళే రోజుల్లో ఆవిడకు తన తల్లి నేర్పింది. రెండో చిటికెడు నోట్లో వేసుకున్న గిరిబాబు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు.

“ఓలమ్మ... ఇది మీదే. మా అమ్మ ఇలగే సేస్తాది. అన్నంలో నువ్వులనూనేసి...”

అని నాలుక కరుచుకున్నాడు. హైదరాబాదు టీమ్ మొత్తం ఆ చిటికెడుకే చిత్తయిపోయింది.

“అదీ! ఇప్పుడొచ్చినాది మనిషి భాష.” దీవెన ‘గారు’ ఆ నిమిషంలోనే వదిలేసింది. “నాలిక్కి తెలిసినాది సేతికి తెలీలేదేటి? నా కొట్టు తాళాలు నీకిచ్చినాను. నా పదకొండు సరుకులూ తీసుకెల్లి ఇంకొకడి పేజీకి ముడేసినావు. నా ఫొటో ఆడికిచ్చినావు. ఆ ఫొటోలో కుంచెం పట్టుకున్న సెయ్యి ఎవులిదో తెలుసా? మా అమ్మది. ఆ యేలికి ఉంగరం లేదు సూడు, అది తాకట్టెట్టి మొదటి రోలు కొన్నాది.”

“మేడమ్, నాను... నేను ప్రొసీజర్ ప్రకారమే...”

“నువ్వు నాను అను, పరవాలేదు.”

గిరిబాబు చెవులు ఎర్రబడ్డాయి. ఫోను మళ్ళీ బల్లమీద బోర్లానే గుర్రుమని ఊరుకుంది. దాని వైపు చూడకుండా ఉండడానికి అతను పడుతున్న పాట్లు చూస్తే జాలి కలగాలి. దీవెనకు కలగలేదు.

“ఇక్కణ్ణుంచి టేషన్‌కి ఎల్తాను. ఈ రెండు పొట్లాలూ ఎస్సై బల్ల మీద పెడతాను. నీ బోర్డు మీదున్న గ్లోబలంతా అప్పుడు ఆడికి సెప్పుకో.”

స్టేషన్ మాటతో గిరిబాబు లేచి నిలబడ్డాడు. భయపడ్డవాడికి ప్రాంతీయ అభిమానం తన్నుకొస్తుంది కాబోలు, ఇక దాచుకోకుండా మాట్లాడాడు.

“నా తప్పేటీ లేదండి! యాప్ వోలు ఊరికే పేరు రాసిచ్చేత్తారేటి? బ్రాండు ఎవులి పేరుతో ఉన్నాదో ఆ మనిషి కాగితం మీద సంతకం పెట్టాల. పెట్టినారు. నరసింగరావు గారికి ఇస్తన్నానని రాసి సంతకం పెట్టినారు. ఆ కాగితం ఉన్నాది కాబట్టే నాను ఎక్కించినాను. నా దగ్గర కాపీ ఉన్నాది.”

“ఎవులు పెట్టినారు సంతకం?”

“మీ అమ్మగారే.”

దీవెన ఈసారి నిజంగానే నవ్వింది. పొద్దుటి నుంచి గుండెల మీద ఉన్న బండ జరిగినట్టయింది. దొంగ ఇంతకన్నా పెద్ద సాయం ఏం చేస్తాడు? సంతకమే దొంగదైతే కేసు మొత్తం ఆమె చేతిలోకి వచ్చినట్టే. ఆ కాగితం ఫొటో తీసి ఐదు గంటల్లోపు యాప్‌కు పంపితే నరసింగరావు పేజీ పోతుంది, పేరు ఇంటికి తిరిగొస్తుంది.

ఎందుకంటే, జ్ఞానసుందరి సంతకాన్ని దొంగిలించడం బయటివాడి వల్ల కాదు. ఆవిడ తన పేరును జీవితంలో ఒక్కసారి కూడా సరిగ్గా రాయలేదు. మిషన్ బడిలో మూడో తరగతి వరకు చదివింది. ‘జ్ఞ’ అనే ఒత్తక్షరం నేర్చుకునే లోపలే ఉప్పు మడుల పనికి పంపేశారు. నోటితో ఎలా పలుకుతుందో అలాగే ‘గ్నానసుందరి’ అని రాస్తుంది. బ్యాంకులో, బాప్టిస్టు చర్చి పుస్తకంలో, రేషను కొట్లో, అన్నిచోట్లా గ్నానసుందరే. మొదటిసారి పొట్లాల మీద పేరు అచ్చు వేయించి తెచ్చి చూపిస్తే, ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసి, “పేరు తప్పు కొట్టినాడే ఆడెవుడో. ఇది నా పేరు కాదు” అంది. షెడ్డులో ఆడవాళ్ళంతా పడీపడీ నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. ఇప్పటికీ ఆ పొట్లం చూసినప్పుడల్లా అందులో ఏదో లోటు ఉన్నట్టు పెదవి విరుస్తుంది.

నరసింగరావు లాంటి చదువుకున్న దొంగ, ఆధార్ కార్డు చూసి, ‘జ’కు చక్కగా ఒత్తు ఇచ్చి మరీ రాసి ఉంటాడు. చదువుకున్నవాళ్ళకు తప్పు రాయడం చేతకాదు.

“సూపించు” అంది దీవెన. కుర్చీలో వెనక్కి జారగిలబడి మరీ అంది. “మీ నరసింగరావు దస్తూరీ ఎంత ముద్దుగా ఉన్నాదో నానూ సూడాల. ఒరే గిరిబాబూ, దొంగతనానికి కూడా కొంచెం ఇంగితం గావాల్రా. మా అమ్మ సంతకం ఎట్టడానికి మీకు సదువు ఎక్కువైపోనాది.”

ఆమె ఏమంటోందో గిరిబాబుకు అర్థం కాలేదు. లాప్‌టాప్‌లో వెతికి, కాగితం తెరిచి, ఆమె వైపు తిప్పాడు.

పేజీ నిండా ఇంగ్లీషు. ఒకటో అంకె, రెండో అంకె వేసి నాలుగు పేరాలు. పైన జ్ఞానసుందరి పేరు టైపు చేసి ఉంది, ఇంగ్లీషు అక్షరాల్లో, దోషం లేకుండా. కింద చుక్కల గీత. ఆ గీత మీద నిలబడలేక కొంచెం కిందికి జారిన తెలుగు అక్షరాలు.

గ్నానసుందరి.

దీవెన ముందుకు వంగి చూసింది. తెర మీద వేళ్ళు పెట్టి పెద్దది చేసింది. ‘గ’కు దీర్ఘం విడిగా ఉంది. ‘సుం’ తరవాత కలం ఎత్తి ఆగిన చోట చిన్న సిరా చుక్క. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు వచ్చిన తరవాత చేయి కూడా వణుకుతోంది, అక్కడ ఒకసారి ఊపిరి పీల్చుకుంటుంది. ఇది వేరెవరో రాసింది కాదు. ఇంతసేపూ తను పేల్చిన మాటలన్నీ తన మీదికే తిరిగొచ్చాయి. గిరిబాబు ముందు తలదించుకోవలసి వచ్చినందుకు ఆమెకు ఒళ్ళు మండింది. అంతకన్నా ఎక్కువగా భయం వేసింది.

“సూసినారా మేడమ్? నాను సెప్పినాను కదా” అన్నాడు గిరిబాబు. అతని గొంతులో ధైర్యం తిరిగొస్తోంది. దానితోపాటే హైదరాబాదు కూడా. “అంతా ప్రాపర్‌గానే ఉంది అన్నమాట.”

“నోర్ముయ్యి.”

ఆమె ఇంటికి ఫోను చేసింది. అవతల మూకుట్లో గరిటె చప్పుడు, గురమ్మ ఎవరినో కసురుకోవడం వినిపించాయి. తరవాత తల్లి గొంతు.

“ఏటే, పనైనాదా? అన్నం తిన్నారా అక్కా తమ్ముడూ?”

“అమ్మా, ఈమద్దెన ఇంగిలీసు కాగితం మీద ఏదైనా సంతకం పెట్టేవా?”

“పెట్టేను గదే. అదేనా? యాప్‌లోకి ఎక్కించాలంటే నా సంతకం గావాలని నువ్వే పంపినావట గదా. స్టాన్లీ తెచ్చినాడు. ఇక్కడెట్టమ్మా అని యేలెట్టి సూపించినాడు, ఎట్టీసినాను.”

గరిటె చప్పుడు ఆగింది.

“ఏటే, పలకవు? తప్పు రాసినానేటి? సేయి వణికినాది గానీ... నా పేరు సరిగ్గానే రాసినాను గదా?”

“సరిగ్గానే రాసినావమ్మా” అంది దీవెన. “నీ పేరు నువ్వెప్పుడూ సరిగ్గానే రాస్తావు. నాను మళ్ళీ సేస్తాను.”

ఫోను పెట్టేసింది. గోడ మీద గడియారంలో పన్నెండు కావస్తోంది. ఐదు గంటల్లో చూపించవలసిన కాగితం ఎదురుగానే ఉంది, అదీ తనకు వ్యతిరేకంగా. దాన్ని కొట్టెయ్యాలంటే తన తల్లిని మోసం చేసి సంతకం పెట్టించారని రాసివ్వాలి. మోసం చేసినవాడి పేరు కూడా రాయాలి. ఆ పేరు రాస్తే తల్లికి కొడుకు మిగలడు. రాయకపోతే తల్లి పేరే తల్లికి మిగలదు.

“స్టాన్లీ నీకు ఎన్నాళ్ళుగా తెలుసు?” అని అడిగింది.

“స్టాన్లీయా? ఏ స్టాన్లీ మేడమ్?” అన్నాడు గిరిబాబు, చూపు కిటికీ వైపు పోనిచ్చి, వెంటనే వెనక్కి లాక్కుని.

అబద్ధం ఆడడానికైనా కొంచెం పనితనం ఉండాలి. దీవెన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. కింద సందులో బండి స్టాండు వేసి ఉంది. బండికి ఆనుకుని స్టాన్లీ, ఒక చేత్తో జీడిపప్పు పొట్లం నోట్లో ఒంపుకుంటూ, ఇంకో చేత్తో ఫోను చెవి దగ్గర పెట్టుకుని నిలబడ్డాడు. తాపీగా, సినిమాకు టికెట్టు దొరికినవాడిలా.

సరిగ్గా అప్పుడే వెనక బల్లమీద గిరిబాబు ఫోను మూడోసారి గుర్రుమంది.

గిరిబాబు చెయ్యి చాచేలోపు దీవెన దాన్ని అందుకుని వెల్లకిలా తిప్పింది. ‘స్టాన్లీ బావ’ అని వెలుగుతోంది. ఆమె కిటికీలోంచి తమ్ముణ్ణి చూస్తూనే వేలితో నొక్కి, స్పీకరు పెట్టింది.

“ఒరే గిరీ, ఇందాకట్నుంచి సేస్తంటే ఎత్తవేట్రా?” తమ్ముడి గొంతు గదంతా నిండింది. కింద అతని నోరు కదలడం, ఇక్కడ మాట వినపడడం రెండూ ఒకేసారి జరుగుతున్నాయి. “టెక్నికల్ ఇష్యూ అని సెప్పినావా? అప్ప నమ్మినాదేటి?”

గిరిబాబు రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు.

“నమ్మీసినాను తమ్ముడా” అంది దీవెన. “పైకి రా.”